పాపను చూసే హక్కు ఒక్క లైనులో ఇమడదు: విడాకుల ఒప్పందంలో ఏమేం రాయించుకోవాలి

మీరు అడిగింది ఇది. ఇద్దరి అంగీకారంతో విడాకులకు వెళ్తున్నారు. మీరు విజయవాడలో పుట్టింట్లో ఉంటున్నారు, ఆయన ఉద్యోగం హైదరాబాద్‌లో. ఏడేళ్ల పాప మీ దగ్గరే ఉండడానికి ఆయన ఒప్పుకున్నారు. లాయరు ఇచ్చిన డ్రాఫ్టులో మాత్రం "కస్టడీ తల్లికి, తండ్రికి సముచితమైన సందర్శన హక్కులు" అని ఒక్కటే వాక్యం ఉంది. మేం మంచిగానే మాట్లాడుకుంటున్నాం కదా, ఇది చాలదా అన్నారు.

చాలదు. మంచిగా మాట్లాడుకుంటున్న ఈ రోజుల్లోనే వివరంగా రాసుకోవడం తేలిక. రేపు ఆయన మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు, మీకు బెంగళూరులో ఉద్యోగం రావచ్చు, పెద్దవాళ్ల మధ్య మాటామాటా పెరగవచ్చు. అప్పుడు "సముచితం" అంటే ఆయనకు వారానికోసారి, మీకు రెండు నెలలకోసారి. మాట తప్పినప్పుడు అమలు చేయించాలంటే కోర్టులో ఎగ్జిక్యూషన్ పిటిషన్, అంటే ఈపీ, వేయాలి. డిక్రీలో, అంటే కోర్టు ఇచ్చే విడాకుల ఉత్తర్వులో, లేనిదాన్ని ఈపీలో కొత్తగా కలపరు. ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ అన్నది లేకపోతే అమలు చేయడానికి అక్కడ ఏమీ ఉండదు. డ్రాఫ్టు చేతికి రాగానే ఒక పరీక్ష పెట్టండి: మీ ఇద్దరూ ఎవరో తెలియని మనిషి ఆ కాగితం చదివితే, వచ్చే నెల రెండో శనివారం ఉదయం 10 గంటలకు పాప ఎవరి దగ్గర ఉండాలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే డ్రాఫ్టు పూర్తికానట్టే.

చట్టం సంగతి కొంచెం తెలుసుకుంటే బేరసారాల్లో తప్పటడుగు పడదు. 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం సెక్షన్ 6 ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, "ఆయన తర్వాత" తల్లి. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ఆ "తర్వాత" అన్న మాటకు తండ్రి చనిపోయాక అని కాదు, ఆయన లేనప్పుడు, పట్టించుకోనప్పుడు అని కూడా అర్థం చెప్పింది. ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్నది అదే సెక్షన్‌లో ఉంది. మీ పాపకు ఏడేళ్లు కాబట్టి ఆ నియమం మీకు ఆసరా కాదు. ఇక్కడ పనికొచ్చేది అదే చట్టంలోని సెక్షన్ 13, పాప క్షేమమే అన్నిటికంటే పైన అన్న సూత్రం. ఇన్నాళ్లూ ఎవరి దగ్గర పెరిగింది, బడి ఎక్కడ, ఇంట్లో ఎవరెవరు చూసుకుంటారు అన్నవి అందులో లెక్కకు వస్తాయి. కస్టడీ అంటే పాప రోజూ ఎవరి దగ్గర ఉంటుందన్నది. గార్డియన్‌షిప్ అంటే పాప తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం. కస్టడీ మీకు వచ్చినంత మాత్రాన ఆయన తండ్రిగా సంరక్షకత్వం పోదు. బడి, ఆపరేషన్, పాస్‌పోర్టు లాంటి చోట్ల ఎవరి సంతకం కావాలో విడిగా రాయమనేది అందుకే.

కస్టడీ ఉత్తర్వు ఎప్పటికీ ఆఖరి మాట కాదు. 1973లో రోజీ జాకబ్ కేసు నుంచీ సుప్రీంకోర్టు ఈ మాట చెబుతూనే ఉంది: పరిస్థితులు మారితే ఉత్తర్వునూ మార్చవచ్చు. కాబట్టి "భవిష్యత్తులో ఎప్పటికీ కస్టడీ అడగను" అని ఆయన చేత రాయించుకుని, దానికి బదులుగా డబ్బు వదులుకోకండి. ఆ వాగ్దానం కోర్టు చేతులు కట్టదు. "పాపకు ఖర్చులేమీ అడగను" అని మీరు రాసిచ్చినా అంతే. అది పాప హక్కు, మీరు వదులుకోగలిగినది కాదు.

ఇక అసలు పని, షెడ్యూలు. విజయవాడ, హైదరాబాద్ మధ్య దాదాపు 275 కిలోమీటర్లు, రోడ్డు మీద ఐదు గంటలు. వారం వారం అని రాస్తే రెండు నెలలు కూడా నడవదు. మీ పరిస్థితికి నెలకు రెండుసార్లు సరిపోతుంది: ఒకటి రాత్రి బసతో, ఒకటి పగటిపూట మాత్రమే. చాలా బడులకు రెండో శనివారం సెలవు కాబట్టి రాత్రి బసకు ఆ వారం బాగుంటుంది. లాయరు ఇంగ్లిషులో రాసినా భావం ఇలా ఉండాలి:

"తండ్రి ప్రతి నెలా రెండో శనివారం ఉదయం 10 గంటలకు విజయవాడలో తల్లి నివాసం వద్ద పాపను తీసుకుని, మరునాడు ఆదివారం సాయంత్రం 5 గంటలకు అదే చోట అప్పగించాలి. నాలుగో ఆదివారం ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు విజయవాడలోనే పాపతో గడపవచ్చు. అరగంటకు మించి ఆలస్యమైతే ముందుగా మెసేజ్ పెట్టాలి. రెండు గంటలు దాటితే ఆ సందర్శన రద్దయినట్టు. తండ్రి రాలేనప్పుడు నాయనమ్మ గానీ తాతయ్య గానీ రావచ్చు, ఇంకెవరూ రాకూడదు. పాపకు జ్వరమో మరే జబ్బో చేసి పంపలేకపోతే డాక్టరు చీటీ ఫోటో పంపి, తర్వాతి శని ఆదివారాలు ఇవ్వాలి."

ఇందులో ప్రతి ముక్కకూ కారణం ఉంది. ఆలస్యానికి గడువు లేకపోతే ఉదయం పదింటి నుంచి పాప చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చుంటుంది, సాయంత్రం దాకా. ఎవరు తీసుకెళ్లవచ్చో పేర్లతో రాయకపోతే డ్రైవరును పంపుతారు, ఏడేళ్ల పిల్ల తెలియని మనిషి కారెక్కనని ఏడుస్తుంది. "తల్లి పంపలేదు" అన్న కేసు అక్కడ మొదలవుతుంది. జబ్బు చేసిన రోజుకు బదులు రోజు లేకపోతే ప్రతి జ్వరమూ ఆయనకు సాకులాగే కనిపిస్తుంది.

సూర్యాపేట దాదాపు సగం దారి కాబట్టి అక్కడ కలుసుకుని అప్పగించుకుందామని చాలామంది రాసుకుంటారు. పెట్రోలు, సమయం ఇద్దరికీ సమానంగా పడుతుంది, నిజమే. ఎదురుపడితే పలకరించుకోగలిగిన వాళ్లకైతే సరే. లేకపోతే హైవే హోటల్ ముందు ఒక కారులోంచి ఇంకో కారులోకి బ్యాగుతో సహా మారడం పిల్లకు బరువు. ఇంటి గుమ్మం దగ్గరో, అమ్మమ్మ ఇంట్లోనో అప్పగింత జరగడం నయమని నా అభిప్రాయం.

పాప ఇప్పటిదాకా మీరు లేకుండా ఆయన దగ్గర రాత్రి పడుకుని ఉండకపోతే ఒకేసారి హైదరాబాద్ అనకండి. మొదటి నాలుగుసార్లు విజయవాడలోనే పగటిపూట, తర్వాత మూడుసార్లు విజయవాడలోనే ఒక రాత్రి, ఆ తర్వాత హైదరాబాద్. ఈ మెట్లకు తేదీలు వేయండి. "పాప అలవాటు పడ్డాక" అని రాస్తే అలవాటు పడిందా లేదా అన్నదే కొత్త తగవవుతుంది.

సెలవుల దగ్గర ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. "దసరా సెలవులు తండ్రికి" అని రాస్తారు. తెలంగాణలో సెలవులిచ్చిన తేదీలు ఒకటి, ఆంధ్రలో ఇంకొకటి, పాప చదివే బడి క్యాలెండర్‌లో మరొకటి. అందుకని "పాప చదువుతున్న బడి ప్రకటించిన సెలవుల ప్రకారం" అన్న మాట తప్పనిసరిగా పెట్టించండి. పండుగలను సరి, బేసి సంవత్సరాలుగా పంచుకోవడం తేలిక: బేసి సంవత్సరం సంక్రాంతి మీకు, దసరా ఆయనకు, సరి సంవత్సరం అటుదిటు. సంక్రాంతి అని ఊరుకోకుండా "భోగి ముందురోజు సాయంత్రం 6 నుంచి కనుమ మరునాడు సాయంత్రం 6 వరకు" అని రాయాలి. దీపావళి, ఉగాది ఒక్కరోజు పండుగలు, ఆ ఊరికీ ఈ ఊరికీ తిప్పకుండా ఆ రోజు పాప ఎక్కడుంటే అక్కడే, వీడియో కాల్ మాత్రం తప్పకుండా అనుకోవచ్చు. పుట్టినరోజు బడి ఉన్న రోజున పడితే ఆయన సాయంత్రం రెండు గంటలు వచ్చి వెళ్లేలా రాసుకోండి.

వేసవి సెలవులు ఏడు వారాల దాకా ఉంటాయి. సగం సగం అని అందరూ రాసేస్తారు. ఏడేళ్ల పిల్లకు మొదటి ఏడాదే మూడున్నర వారాలు తల్లికి దూరంగా ఉండడం ఎక్కువ. మొదటి వేసవిలో వారం చొప్పున రెండు విడతలు, రెండో వేసవిలో పది రోజుల చొప్పున రెండు, ఆ తర్వాత సగం. బడి తెరవడానికి కనీసం ఐదు రోజుల ముందు పాప విజయవాడ చేరాలని కూడా ఉండాలి. జూన్‌లో పుస్తకాలు, యూనిఫాం, బూట్లు కొనే వారం అది. పండుగ, సెలవుల షెడ్యూలు మామూలు శని ఆదివారాలతో ఢీకొంటే ఏది నిలుస్తుందో ఒక వాక్యం రాయాలి. మామూలుగా పండుగ షెడ్యూలే నిలుస్తుంది.

సగం రోజులు అమ్మ దగ్గర, సగం నాన్న దగ్గర ఉండే ఉమ్మడి కస్టడీ గురించి ఎవరైనా చెప్పి ఉంటారు. లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో దాన్ని చట్టంలో చేర్చమని సిఫారసు చేసింది. ఒకే ఊళ్లో, ఒకే బడికి రెండు ఇళ్ల నుంచీ వెళ్లగలిగిన పిల్లలకు అది మంచిదే. మీ రెండు ఊళ్ల మధ్య బడి రోజుల్లో కుదరదు.

వీడియో కాల్‌ను తేలిగ్గా తీసుకోకండి. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు, సందర్శన హక్కుతో పాటు దూరంగా ఉన్న తల్లికో తండ్రికో ఫోన్లో, వీడియోలో బిడ్డతో మాట్లాడే హక్కు కూడా ఉండాలని చెప్పింది. "ఎప్పుడైనా మాట్లాడవచ్చు" అని రాస్తే రాత్రి పదకొండింటికి మోగుతుంది, లేదా అసలు ఎత్తరు. మంగళ, గురు, ఆదివారాల్లో రాత్రి 7 నుంచి 7:20 వరకు, తప్పితే మరునాడు అదే సమయానికి అని రాసుకోండి. ఫోన్ ఇచ్చాక మీరు గదిలోంచి బయటికి రండి. స్పీకరు పెట్టి పక్కన కూర్చోవడం, రికార్డు చేయడం ఇద్దరూ మానుకోవాలి. తనను ఎవరో వింటున్నారని తెలిసిన పిల్ల "ఊఁ", "బాగున్నా" తప్ప ఏమీ చెప్పదు. పాప ముభావంగా ఉందని ఆయన మిమ్మల్ని, పిల్లతో మాట్లాడడం రాదని మీరు ఆయన్ని అనుకుంటారు.

డబ్బు విషయం. నెలకింత అని ఒకే అంకె కాకుండా మూడు పద్దులు చేయండి: నెలసరి ఖర్చు, బడి ఫీజు, వైద్యం. నెలసరి ఖర్చు ప్రతి నెలా 5వ తేదీలోపు ఏ ఖాతాలో పడాలో, ఏటా ఎంత శాతం పెరగాలో రాయాలి. పెంపు లేకపోతే ఇవాళ సరిపోయిన మొత్తం పాప పదో తరగతికి వచ్చేసరికి ట్యూషన్‌కు కూడా చాలదు. ఫీజు ఆయన నేరుగా బడికే కడితే తగువు తక్కువ. ఆరోగ్య బీమా ఎవరి పాలసీలో ఉంటుందో, ఉద్యోగం మారితే ఎన్ని రోజుల్లో కొత్తది తీసుకోవాలో కూడా ఉండాలి. "18 ఏళ్ల వరకు" అని ఆపకండి, ఇంజనీరింగో డిగ్రీనో మొదలయ్యేది అప్పుడే. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం సెక్షన్ 20 ప్రకారం పెళ్లికాని కూతురు తనను తాను పోషించుకోలేనంత కాలం తండ్రి బాధ్యత ఉంటుంది. ఆ వెలుగులో చదువు పూర్తయ్యే దాకా అని రాయించుకోండి. ఎంత అన్న దగ్గర తేడా వస్తే, 2020 నాటి రజనీష్ నేహా తీర్పు తర్వాత మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, ఆదాయాలు, అప్పుల అఫిడవిట్, అంటే ప్రమాణ పత్రం, వేయాల్సిందే.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. డబ్బుకూ పాపను చూడడానికీ ముడిపెట్టకండి. "డబ్బు వేయలేదు కాబట్టి ఈ నెల పంపను", "పాపను చూపించలేదు కాబట్టి వేయను". ఈ రెండిటిలో దేన్నీ కోర్టు ఒప్పుకోదు. ఆయన డబ్బు ఆపితే ఈపీ వేయవచ్చు. పాప మనోవర్తికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144 కింద, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 125 కింద, ఉత్తర్వు ఉంటే బకాయి పడ్డ ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. చెల్లించని ప్రతి నెలకూ నెల దాకా జైలు వేసే అధికారం మెజిస్ట్రేటుకు ఉంది. దారి అంత సూటిగా ఉండగా పాపను పంపకపోతే, తప్పు చేసిన మనిషి పక్కన మీరు కూడా నిలబడతారు.

కాగితాల సంగతి. మైనర్ పాస్‌పోర్టుకు ఇద్దరు తల్లిదండ్రులూ సంతకం పెట్టే డిక్లరేషన్ అనెక్షర్ డి. ఒకరి సమ్మతి లేనప్పుడు రెండోవారు ఇచ్చేది అనెక్షర్ సి. దానికి కస్టడీ ఉత్తర్వు నకలు జతచేస్తే పని సాగుతుంది. ఒప్పందంలోనే "పాస్‌పోర్టు కొత్తది, రెన్యువల్ కోసం తండ్రి 15 రోజుల్లో సంతకం చేయాలి" అని ఉంటే చీటికీమాటికీ బతిమాలక్కర్లేదు. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలో కూడా రాయండి. విదేశీ ప్రయాణానికి 30 రోజుల ముందు రాతపూర్వక సమ్మతి, రానూపోనూ టికెట్ల నకలు, బస చిరునామా ఉండాలి. మన ఇళ్లలో సగం బంధువులు అమెరికాలోనే ఉంటారు కాబట్టి దీన్ని లాంఛనం అనుకోకండి. ఇంకో దేశానికి తీసుకెళ్లిన పిల్లల్ని వెనక్కి రప్పించే 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లిపోయినా, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేసినా, ఆ ఒప్పందం దారి మూసుకుపోయి ఏళ్ల తరబడి కోర్టులే గతి అవుతాయి. ఊరు మారాలనుకుంటే 60 రోజుల ముందు నోటీసు అన్న షరతు మీ ఇద్దరికీ పెట్టండి.

డిక్రీ వచ్చాక దాని నకలు బడిలో ఇచ్చి, పాపను గేటు దగ్గర ఎవరెవరు తీసుకెళ్లవచ్చో రాతలో ఇవ్వండి. ఉత్తర్వు చూపించకపోతే బడి దృష్టిలో అమ్మా నాన్నా ఇద్దరూ సమానమే, ఎవరొచ్చినా పంపిస్తారు. టీసీ ఇద్దరి సంతకాలతోనే ఇవ్వాలన్న షరతు ఉంటే మంచిది. పేరెంట్స్ మీటింగ్‌కు, వార్షికోత్సవానికి ఇద్దరూ వెళ్లవచ్చని కూడా రాయండి. ఆ రోజు వేదిక మీద నుంచి పిల్ల ఇద్దరి కోసమూ వెతుకుతుంది.

కోర్టులో దాఖలు చేసేటప్పుడు జరిగే అతి పెద్ద పొరపాటు వేరే ఉంది. ఒప్పందం పది పేజీలు చక్కగా రాసుకుంటారు, పిటిషన్‌కు జతచేస్తారు, డిక్రీలో మాత్రం "వివాహం రద్దు చేయడమైనది" అని ఒక్కటే వస్తుంది. షరతులు డిక్రీలో భాగం కాకపోతే వాటిమీద ఈపీ నడపడం కష్టం. పిటిషన్ ప్రార్థనలోనే, అంటే కోర్టును ఏం కోరుతున్నారో రాసే భాగంలోనే, "జతచేసిన ఒప్పంద షరతులు డిక్రీలో భాగంగా పరిగణించాలి" అని అడగాలి. కస్టడీ షరతుల దగ్గర హిందూ వివాహ చట్టం సెక్షన్ 26ను ప్రస్తావించాలి. డిక్రీ తర్వాత కూడా పిల్లల విషయంలో అదే కోర్టుకు దరఖాస్తుతో వెళ్లే వీలు ఆ సెక్షన్ ఇస్తుంది.

ఇద్దరి అంగీకారంతో విడాకులకు అదే చట్టం సెక్షన్ 13బి కింద ఏడాది విడిగా ఉన్నాక పిటిషన్ వేయాలి, తర్వాత ఆరు నెలలు ఆగాలి. 2017లో అమర్‌దీప్ సింగ్ కేసు తర్వాత ఆ ఆరు నెలలను కోర్టు మినహాయించవచ్చు. దానికి చూసే వాటిలో ఒకటి కస్టడీ, మనోవర్తి అన్నీ నిజంగా తేలాయా అన్నది. వివరమైన షెడ్యూలు అక్కడా అక్కరకొస్తుంది. లాయరు ఖర్చు భారమైతే 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత సహాయం ఉంది. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

కోర్టు విజయవాడలోనే ఎంచుకోండి. "పాప మామూలు నివాసం విజయవాడ" అన్న వాక్యం ఒప్పందంలో ఉండాలి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్ 9 ప్రకారం కస్టడీ కేసు బిడ్డ మామూలుగా ఉండే చోటే వేయాలి. ఎందుకింత పట్టింపు అంటే, 2019 జనవరి 1 నుంచి రెండు రాష్ట్రాలకూ హైకోర్టులు వేరయ్యాయి. హైదరాబాద్‌లో పడ్డ కేసును విజయవాడకు మార్చుకోవాలంటే ఇప్పుడు ఢిల్లీలో సుప్రీంకోర్టుకే వెళ్లాలి.

అన్నీ రాసుకున్నాక కూడా తప్పిపోయే రోజులుంటాయి. మొదటిసారి తప్పితే ఆ రోజే ఒక మెసేజ్ చాలు: "ఈ రోజు 10 గంటలకు రావాల్సింది, రాలేదు. బదులుగా 20వ తేదీ వీలవుతుందా?" నిందలు, పాత సంగతులు, వాళ్లమ్మ గురించి మాటలు అందులో వద్దు. ఆ మెసేజ్ ఏదో ఒకనాడు జడ్జి చదువుతారని అనుకుని రాయండి. ఒక నోటుపుస్తకంలో తేదీ, రావాల్సిన సమయం, వచ్చిన సమయం, కారణం నాలుగు గళ్లు గీసి రాసుకోండి. వరసగా మూడు తప్పితే లాయరు నోటీసు, ఆ తర్వాత ఈపీ గానీ షెడ్యూలు మార్పుకు దరఖాస్తు గానీ. పోలీసు స్టేషన్‌కు వెళ్తే మామూలుగా కోర్టుకెళ్లమనే అంటారు. పాపను తీసుకెళ్లి ఎక్కడుందో చెప్పకుండా పెడితే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే బిడ్డను కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్, వేయవచ్చు. 2019లో తేజస్విని గౌడ్ కేసులో బిడ్డను అక్రమంగా నిర్బంధించిన సందర్భాల్లో ఆ దారి ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. కొట్టడం, తాగి రావడం లాంటి భయాలుంటే పై షెడ్యూలేదీ పనికిరాదు. అప్పుడు మూడో మనిషి సమక్షంలోనే సందర్శన అడగాలి. గృహహింస చట్టం సెక్షన్ 21 కింద మెజిస్ట్రేటు తాత్కాలిక కస్టడీ ఇవ్వగలరు.

పాప నాన్న దగ్గర నుంచి వచ్చాక ఒకటి రెండు రోజులు చిరాకుగా, మౌనంగా ఉండవచ్చు. అన్నం సరిగా తినదు, చిన్న మాటకే ఏడుస్తుంది. అక్కడ ఏదో జరిగిందని వెంటనే అనుకోకండి. ఒక ఇంటి పద్ధతి నుంచి ఇంకో ఇంటి పద్ధతిలోకి మారడానికి పిల్లలకు ఆ మాత్రం పడుతుంది. ఆదివారం సాయంత్రం 5కే తిరిగి రావాలని రాయమన్నది, సోమవారం బడికి ముందు ఒక నిద్ర పడాలని. "అక్కడ ఎవరెవరున్నారు, నా గురించి ఏమన్నారు" అని అడగకండి, "ఏం తిన్నావు, ఏం ఆడుకున్నావు" చాలు. భయపడినట్టో, దెబ్బల గుర్తులో కనిపిస్తే అది వేరే సంగతి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒకరిమీద ఒకరు పిల్లకు నూరిపోయడాన్ని 2017లో వివేక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పేరుపెట్టి మరీ చర్చించింది. కేసు పడితే, తెలివిగా ఇష్టం చెప్పగల వయసు వచ్చిన బిడ్డతో జడ్జి చాంబర్‌లో మాట్లాడతారు. నేర్పించి పంపిన మాటలు అక్కడ తేలిగ్గానే బయటపడతాయి.

రెండు ఇళ్లలోనూ పాపకు బట్టలు, టూత్‌బ్రష్, చెప్పులు ఉండాలి. బ్యాగులో వెళ్లాల్సినవి హోంవర్క్ పుస్తకం, మందులు, తను పక్కన పెట్టుకుని పడుకునే బొమ్మ. ఏటా జూన్‌లో బడి క్యాలెండర్ రాగానే ఆ సంవత్సరం తేదీలన్నీ ఒక పేజీలో వేసి ఆయనకు ఈమెయిల్ చేసి, "సరే" అన్న జవాబు తెప్పించుకోండి. దాన్నే పెద్ద అక్షరాలతో ఒక కాపీ తీసి పాప మంచం పక్కన గోడకు అంటించండి. నాన్న ఎప్పుడొస్తాడో తను రోజూ మిమ్మల్ని అడగక్కర్లేకుండా చూసుకుంటుంది.